ముందు రొట్టె అందుకోవడం నేర్పండి

ప్రశ్న: కావలికి దగ్గరలో ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో శనివారం చివరి రెండు పీరియడ్లలో, రాసిన మాటలు లేకుండా అప్పటికప్పుడు నాటకం ఆడించడం మొదలుపెట్టాను. 36 మంది వస్తారు. మొదటి వారం ఎంతో బాగుంది. ఆ తరువాత నలుగురు అబ్బాయిలే అంతా ఆక్రమించారు. టీవీ కామెడీ స్కిట్లను దించుతున్నారు. ఒకరినొకరు కొట్టుకోవడం, ఆడవేషం కట్టి వెక్కిరించడం, అంతే. ఆడపిల్లలు గోడకు ఆనుకుని నిలబడతారు. "మీకు ఇష్టమైనది చేయండి" అంటే కొందరు బిక్కమొహం వేస్తారు. పోయిన వారం ఒక అబ్బాయి, నత్తి ఉన్న తోటి పిల్లవాడిని అనుకరించాడు. అందరూ నవ్వారు. నేను గట్టిగా కేకలు వేశాను. ఆ పిల్లవాడు ఈ శనివారం రాలేదు. మా హెడ్మాస్టరు గారు మంచివారే. కానీ "వార్షికోత్సవం దగ్గరపడుతోంది, స్క్రిప్టు ఏదమ్మా?" అని అడుగుతున్నారు. నాకు నాటకంలో శిక్షణ లేదు. మళ్ళీ రాసిన నాటకానికే వెళ్ళిపోనా?
— ఒక ఉపాధ్యాయురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

హెడ్మాస్టరు గారి సంగతి, టీవీ స్కిట్ల సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ రాని పిల్లవాడి దగ్గరికి వెళ్ళండి. వచ్చే శనివారం లోపలే వెళ్ళండి. అవతలి అబ్బాయిని తరగతిలో నిలబెట్టి క్షమాపణ చెప్పించకండి. అలా చేస్తే అందరి చూపూ మళ్ళీ ఈ పిల్లవాడి మీదే పడుతుంది. బడి వదిలాక అతనితో నాలుగు అడుగులు నడుస్తూ, "ఆ రోజు జరిగిన దానిలో తప్పు నాది. అలా జరగకుండా చూడవలసింది నేనే" అని చెప్పండి. రమ్మని బతిమాలవద్దు. "శనివారం మొదటి ఆటలో అందరం కలిసి ఒకే మాట పలుకుతాం. ఇష్టమైతే ఆ ఒక్క ఆటకు వచ్చి వెళ్ళు" అనండి.

ఆ ఆటనే ఎందుకు చెబుతున్నానంటే, నత్తి ఉన్న చాలామందికి పదిమందితో కలిసి ఒకేసారి పలికేటప్పుడు, పాడేటప్పుడు మాట తడబడదు. ఇది వైద్యులకు బాగా తెలిసిన విషయం. దీన్ని చికిత్స అనుకోకండి, అతనికి అలా చెప్పకండి కూడా. తన గొంతు అందరి గొంతులో కలిసి వినబడే ఒక్క చోటైనా ఆ గదిలో అతనికి ఉండాలి. తరువాత ఎప్పుడైనా అతను ఒంటరిగా మాట్లాడితే, ఎంతసేపు పట్టినా ఎదురుచూడండి. మాట మధ్యలో ఆగిందని మీరు పూరించకండి, పిల్లలను పూరించనివ్వకండి.

ఇక ఆ అనుకరించిన అబ్బాయి. అతనిలో చూసే కన్ను ఉంది. ఇంకొకరి మాటతీరును పట్టుకోవడం తేలికైన పని కాదు. అతన్ని తరిమివేయకండి. ఒంటరిగా పిలిచి ఒక పని అప్పగించండి. ఇంట్లో తనకు గౌరవం ఉన్న ఒక మనిషి ఒక పని చేస్తుండగా వారం రోజులు గమనించాలి. నాన్న వల బాగుచేస్తున్నప్పుడు, అమ్మ బియ్యం చెరుగుతున్నప్పుడు చేతులు ఎలా కదులుతాయో, మధ్యలో ఎక్కడ ఆగుతాయో చూసి, మాట లేకుండా రెండు నిమిషాలు చేసి చూపించాలి. వెక్కిరింతకూ నటనకూ తేడా అతనికి అప్పుడు మీరు చెప్పకుండానే అర్థమవుతుంది. వెక్కిరించేవాడి కళ్ళు నవ్వేవాళ్ళ కోసం వెతుకుతుంటాయి. నటించేవాడి కళ్ళు తాను చేస్తున్న పని మీద ఉంటాయి. మీరు కూడా ఈ గుర్తు పెట్టుకుని చూడండి. ఏది ఆపాలో, ఏది సాగనివ్వాలో తేల్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళుగా పనికివస్తున్నది ఇదే.

ఒక నియమాన్ని నల్లబల్ల మీద రాసి ఉంచండి. ఈ గదిలో ఉన్నవారిని గానీ, వారి ఇంటివారిని గానీ, ఎవరి అవిటితనాన్ని, రంగును, కులాన్ని గానీ ఆడి చూపించకూడదు. దానితోపాటు ఒక మాట ఏర్పాటు చేయండి: "ఆగు". ఆటలో ఉన్న ఏ పిల్ల, ఏ పిల్లవాడు "ఆగు" అన్నా ఆట ఆ క్షణమే ఆగుతుంది. ఎందుకని ఎవరూ అడగకూడదు. మొదటి రోజు సరదాకు నాలుగుసార్లు అంటారు, అననివ్వండి. నిజంగానే ఆగుతుందని వాళ్ళకు నమ్మకం కుదరాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రాసిన నాటకానికి వెనక్కి వెళ్ళవద్దు. మీరు మొదలుపెట్టిన పని మంచిది. అయితే పిల్లలకు స్వేచ్ఛ ఎక్కువ ఇచ్చారు, పని తక్కువ ఇచ్చారు. "మీకు ఇష్టమైనది చేయండి" అన్నప్పుడు ధైర్యమున్న నలుగురు తమకు కంఠతా వచ్చినదాన్ని బయటికి తీశారు. వాళ్ళకు వచ్చినవి టీవీ స్కిట్లు. మిగిలినవారికి ఏదీ తోచలేదు. రెండు కష్టాలూ ఒకే చోట పుట్టాయి.

మీరు తెలుగు ఉపాధ్యాయురాలు కనుక అవధానం గుర్తుచేస్తాను. ఆశువుగా చెప్పడంలో మన భాషలో అంతకు మించిన విద్య లేదు. అవధానికి "మీకు తోచిన పద్యం చెప్పండి" అని ఎవరూ అనరు. ఒకరు అక్షరాలను నిషేధిస్తారు. ఒకరు నాలుగు పొసగని పదాలు ఇచ్చి వాటితో పద్యం కట్టమంటారు. ఒకరు అర్థంపర్థం లేని సమస్య పడేస్తారు. అప్రస్తుత ప్రసంగి మధ్యలో వంట గురించి, వాన గురించి అడుగుతూనే ఉంటాడు. ఆ కట్టుబాట్ల మధ్యనే పద్యం పుడుతుంది. మీ పిల్లలకు కూడా ప్రతి ఆటలో ఒక చిన్న చిక్కు ఇవ్వండి. "బస్టాండులో ఇద్దరు" అని వదిలేయకండి. "బస్టాండులో ఇద్దరు. ఒకరి సంచిలో బతికిన కోడి ఉంది. ఆ సంగతి రెండో మనిషికి తెలియకూడదు" అనండి. తొమ్మిదో తరగతి పిల్లవాడి బుర్ర అంతా ఆ కోడి మీదికి వెళుతుంది. సినిమా డైలాగు చెప్పడానికి అతనికి తీరిక ఉండదు.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ షికాగో నగరంలో, వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో, భాష కూడా సరిగా కలవని పిల్లలతో పనిచేస్తూ ఇలాంటి ఆటలను తయారుచేశారు. పిల్లలను "నటించు" అనడం మానేసి, ఆటలో తీర్చవలసిన ఒక చిక్కు ఇచ్చి దాని మీదనే మనసు పెట్టమన్నారు. ఆట జరుగుతుండగా పక్కన నిలబడి "ఆ తలుపు ఎంత బరువుంది?", "అతని మాట విన్నావా?" అని చిన్న మాట అందించేవారు. మన నాటకాలలో ప్రాంప్టరు చెప్పవలసిన మాటనే అందిస్తాడు. ఈవిడ అందించినది చూపును. బాగుంది, బాగాలేదు అని తీర్పు చెప్పడం మాత్రం మానుకోమన్నారు. మెప్పు కోసం చూసే పిల్లవాడు ఎదుటివాడిని చూడడు అన్నది ఆవిడ అనుభవం. ఆ ఆటలు 1963లో పుస్తకంగా వచ్చాయి. ఆవిడ కుమారుడు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో షికాగోలోనే ఏర్పాటు చేసిన సెకండ్ సిటీ అనే నాటకశాల ఆ ఆటల మీదనే పెరిగింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "నాకు శిక్షణ లేదు" అని రాశారు. ఈ విద్య పుట్టిందే మీ తరగతి గది వంటి చోట, మీ పిల్లల వంటి పిల్లల మధ్య.

చిక్కు ఇవ్వడం సగం పని. మిగిలిన సగం అందుకోవడం.

మీ పిల్లలలో చాలామంది మొహర్రం రోజుల్లో నెల్లూరు వెళ్ళి రొట్టెల పండుగ చూసి ఉంటారు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఒకరు "చదువు రొట్టె", "పెళ్ళి రొట్టె", "ఆరోగ్య రొట్టె" అని పిలుస్తారు. ఆ కోరిక ఉన్నవారు వచ్చి అందుకుంటారు. కోరిక తీరాక మరో ఏడు వచ్చి, అదే పేరుతో రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఆ నీళ్ళలో ఏ మతమని ఎవరూ అడగరు. చేయి చాచినవారికి రొట్టె ఇస్తారు. ఆశునాటకమంతా ఇదే. ఎదుటివాడు అన్న మొదటి మాట ఒక రొట్టె. దాన్ని అందుకుని, తన వంతుగా ఇంకో రొట్టె ఇవ్వాలి. పిల్లలకు ఇలాగే చెప్పండి, ఒక్కసారికి అర్థమవుతుంది.

ఒక అమ్మాయి, "మామా, గేదె తప్పిపోయింది" అంటూ వస్తుంది. "నేను నీ మామను కాదు, ఇక్కడ గేదె లేదు" అని అబ్బాయి అంటే రొట్టె నీళ్ళలో పడిపోయింది. టీవీ స్కిట్లలో నవ్వు ఎక్కువగా ఇలాగే పుట్టిస్తారు, ఎదుటివాడి మాటను కొట్టేసి. అందువల్లనే మీ అబ్బాయిలకు ఇది అలవాటైంది. "మళ్ళీ ఆ చింతతోపులోకే వెళ్ళి ఉంటుంది. నిన్ననే చెప్పాను కదమ్మా, కట్టెయ్యమని" అంటే రొట్టె అందింది. వీడు మామ అయ్యాడు, ఒక తోపు వచ్చింది, నిన్న అనే రోజు వచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. అమ్మాయి ఇక ఏమి మాట్లాడాలో వెతుక్కోనక్కరలేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. అందుకోవడం అంటే ప్రతిదానికీ సరే అనడం అనుకుంటారు. "మామా, వెయ్యి రూపాయలు అప్పు ఇవ్వు" అంటే "ఇవ్వను" అనవచ్చు. మామ ఇవ్వకపోవచ్చు కానీ తాను మామనని పిల్లవాడు ఒప్పుకున్నాడు కదా. ఆ పాత్ర కాదనవచ్చు, ఆడుతున్న పిల్లవాడు మాత్రం ఎదుటివారు చెప్పిన లోకాన్ని కాదనకూడదు. ఈ తేడాను ఆడపిల్లలకు మరింత స్పష్టంగా చెప్పండి. వచ్చిన ప్రతి మాటకూ ఒప్పుకుని తీరాలి అని మనం నేర్పినట్టు కాకూడదు. నచ్చనిదానికి వాళ్ళ దగ్గర "ఆగు" ఉంది.

ఆ నలుగురి ఆధిపత్యానికి ఉపన్యాసం అక్కరలేదు, లెక్క చాలు. 36 మందిని నలుగురేసి చొప్పున 9 జట్లు చేయండి. ఆ నలుగురూ నాలుగు వేరువేరు జట్లలో ఉండాలి. మొదటి నాలుగైదు వారాలు చూసేవాళ్ళు ఎవరూ ఉండకూడదు. 9 జట్లూ ఒకేసారి, రెండేసి నిమిషాలు, వరండాలో, చెట్టు కింద, ఎక్కడ చోటుంటే అక్కడ ఆడాలి. గోల అవుతుంది, కానివ్వండి. చూసేవాళ్ళు లేనప్పుడు స్కిట్ల మీద మోజు సగం తగ్గుతుంది, గోడకు ఆనుకున్న పిల్లలకు భయం సగం తగ్గుతుంది. ఆడపిల్లలు మొదట ఆడపిల్లలతోనే జట్టు కట్టనివ్వండి. అద్దం ఆటతో మొదలుపెట్టండి. ఇద్దరు మూరెడు దూరంలో ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు మెల్లగా చేయి కదిపితే రెండోవారు అద్దంలో బొమ్మలాగా కదపాలి. కొంతసేపయ్యాక మీరు చప్పట్లు కొడితే అవతలివారు నడిపించాలి. మూడో దశలో ఎవరు నడిపిస్తున్నారో ఎవరికీ తెలియకుండా ఇద్దరూ కలిసి కదలాలి. ముట్టుకోవడం లేదు, మాట లేదు, నవ్వించనక్కరలేదు. మీ గోడ పక్క పిల్లలలో అందరికంటే బాగా చేసేవారు ఈ ఆటలోనే బయటపడతారు.

ఆ నలుగురికి మరో పని ఉంది. బుర్రకథలో వంతలను మీ పిల్లలు చూశారో లేదో. నడుమ కథకుడు కథ చెబుతుంటే పక్కన ఇద్దరు "తందాన తాన" అంటూ, "ఆఁ, తరువాత ఏమైంది?" అని అడుగుతూ, ఒకరు నవ్విస్తూ, ఒకరు ఊరి సంగతులు, లోకం సంగతులు ముడిపెడుతూ ఉంటారు. వంత ఎంత గొప్పవాడైనా అతని పని కథకుడి కథను నిలబెట్టడం. ఈ అబ్బాయిలను వంతలుగా పెట్టండి. నడుమ ఒక బిడియస్తురాలైన పిల్ల నిలబడి ఊరి చెరువు నిండిన రోజు కథ చెబుతుంది. వీళ్ళు ఆ పిల్ల చెప్పిన ప్రతి మాటనూ పైకి ఎత్తాలి. వాళ్ళలో ఉన్న చురుకంతా పనికివస్తుంది.

బిక్కమొహం వేసే పిల్లల గురించి ఇంకొంచెం చెప్పాలి. వాళ్ళకు తోచకపోవడం కాదు, తోచినది చెప్పడానికి తగినదిగా అనిపించకపోవడం. కీత్ జాన్‌స్టన్ అనే ఆయన లండన్‌లో బడిపంతులుగా పనిచేసి, తరువాత రాయల్ కోర్ట్ నాటకశాలకు వెళ్ళి, చివరికి కెనడాలో స్థిరపడ్డారు. ఆయన నటులకు పదే పదే చెప్పినది, తెలివిగా ఉండాలని ప్రయత్నించవద్దు, ముందుగా తోచిన మామూలు మాటనే అనమని. మామూలు మాట అనుకున్నది ఎదుటివాళ్ళకు కొత్తగా ఉంటుంది, ఎందుకంటే అది ఆ పిల్లవాడిది. పెట్టెలో ఏముంది అని అడిగితే "చొక్కా" అన్న పిల్లవాడిని "ఇంకా ఏదైనా వింతది చెప్పు" అనకండి. "ఎవరి చొక్కా?" అనండి.

కథ అల్లే ఆట ఒకటి మీకు ఎక్కడైనా కనబడి ఉంటుంది. వరుసగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్కొక్క పదం చెబుతూ వాక్యం కట్టడం. ఇంగ్లీషులో పుట్టిన ఆట అది. తెలుగులో యథాతథంగా ఆడిస్తే చతికిలపడుతుంది. మనకు క్రియ చివర వస్తుంది. "నిన్న", "మా తాత", "చెరువులో", "పెద్ద", "చేపను" అని అయిదుగురు పేర్చుకుంటూ వస్తారు. పట్టాడా, వదిలేశాడా, చూసి పారిపోయాడా అన్నది మొత్తం ఆరో పిల్లవాడి చేతిలో ఉంటుంది. నేను ఈ ఆటతో చాలాకాలం తంటాలు పడ్డాను. చివరికి చిన్నపిల్లలకు ఒక్కొక్కరికి ఒక పూర్తి చిన్న వాక్యం ఇచ్చి, తరువాతివారు "అప్పుడు" అని అందుకోవాలని మార్చాను. పెద్దపిల్లలతో మాత్రం పదం చొప్పునే ఆడిస్తాను, ఒక ఉద్దేశంతో. మాట పెగలని పిల్లవాడిని క్రియ వచ్చే చోట కూర్చోబెడతాను. అతను అనేది ఒక్క మాటే. కథ ఎటు తిరిగినా అతని మాటతోనే తిరుగుతుంది. ఆ సంగతి మిగిలిన అయిదుగురికీ తెలుస్తుంది, అతని వైపు తిరిగి ఎదురుచూస్తారు. మూడు నాలుగు విడతలయ్యేసరికి అతని భుజాలు సర్దుకోవడం చాలాసార్లు చూశాను.

మన భాష ఇచ్చే మరో వరం పిలుపు. పాత్ర ఎవరు, ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అన్న మూడూ మొదటి మాటల్లోనే తేలాలని స్పోలిన్ ఆటలు అడుగుతాయి. మనకు "పిన్నీ!" అన్న ఒక్క పిలుపుతో మొదటిది పూర్తవుతుంది. వయసు, చుట్టరికం, చనువు అన్నీ వచ్చేస్తాయి. అందుకని ఒక నిబంధన పెట్టండి: ఆటలో మొదటి వాక్యంలో పిలుపు ఉండాలి. అత్తా, బావా, మాస్టారూ, కండక్టరు గారూ, ఏదో ఒకటి.

దీనికి కొనసాగింపుగా ఒక ఆట ఉంది, అందులో ఎంతసేపు ఉన్నా తనివి తీరదు. బస్టాండులో బెంచీ మీద ఒకరు కూర్చుని ఉంటారు, ఇంకొకరు వస్తారు. మాట అదే ఉండాలి, అందులోని మర్యాద ఒక్కటే మారాలి. "కొంచెం జరగండి." "కొంచెం జరుగు." "కొంచెం జరగరా." మూడుసార్లు ఆడించి, చూస్తున్నవారిని ఒకే ప్రశ్న అడగండి: కూర్చున్నవారి వెన్ను ఎలా మారింది? జవాబులు విని మీరు ఆశ్చర్యపోతారు. జాన్‌స్టన్ పెద్దరికం, చిన్నరికం గురించి చాలా ఆటలు కట్టారు. చూపు ఎవరు ముందు తిప్పుకుంటారు, తల ఎవరు కదపకుండా మాట్లాడతారు అన్నవాటి మీద. మన పిల్లలకు ఆ పెద్దరికం నాలుక మీదనే ఉంది. రోజూ వింటూనే ఉన్నారు.

వింటూనే ఉన్నారు కనుకనే ఈ ఆటలో ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మీ తరగతిలో "రా" అనిపించుకునేది ఎప్పుడూ ఎవరో మీకు తెలుసు. పాలేరు వేషం, ఊడ్చే వేషం, దొంగ వేషం పిల్లలు తమంతట తాము పంచుకుంటే అవి ఎవరి మీద పడతాయో కూడా తెలుసు. యానాది పిల్లవాడు పది వారాలు పాలేరుగానే ఆడితే మనం నాటకం నేర్పలేదు, ఊరు రోజూ నేర్పుతున్నదే మళ్ళీ నేర్పాం. వేషాలు చీటీలు వేసి తీయండి. ప్రతి ఆటనూ తారుమారు చేసి రెండోసారి ఆడించండి. ఈ ఒక్క విషయంలో పిల్లల ఇష్టానికి వదలకండి.

టీవీ గొంతులను నిషేధించనక్కరలేదు. ఆ గొంతు రాగానే పక్కనుంచి "ఈయనది ఏ ఊరు?" అని అడగండి. పిల్లవాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు, "ఉదయగిరి" అంటాడు, గొంతు మారిపోతుంది. ఒక్కో పాత్రకు ఒక్కో మాట ఉండాలని నాటకంలో పట్టుబట్టి పాత్రోచిత భాషను తెచ్చిన వేదం వెంకటరాయ శాస్త్రి గారు నెల్లూరులో నాటక సమాజం స్థాపించినవారు. 1897 నాటి ఆయన 'ప్రతాపరుద్రీయం'లో చాకలి పేరిగాడు రాజు వేషంలో కూర్చుంటాడు. పాఠంగా చెప్పకపోయినా, రాజు బట్టలు కట్టుకున్న చాకలి మొదటి రోజు ఎలా కూర్చుంటాడు, పదో రోజు ఎలా కూర్చుంటాడు అన్నది మీ పిల్లలకు మంచి చిక్కు.

వార్షికోత్సవం గురించి. హెడ్మాస్టరు గారి భయం న్యాయమైనదే. అతిథుల ముందు, మైకులో, ఎవరో ఏదో అనకూడని మాట అంటే ఆయన జవాబు చెప్పుకోవాలి. ఆయనకు స్క్రిప్టు బదులు ఒక పేజీ కథాక్రమం ఇవ్వండి. మన తోలుబొమ్మలాటలో, వీధినాటకంలో జరిగింది ఇదే. రామాయణ కథ మారదు, పద్యాలు మారవు. నవ్వించే పాత్రలైన బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చినప్పుడు మాత్రం ఆ ఊరి సంగతులు, ఆ రాత్రి సంగతులు అప్పటికప్పుడు పుడతాయి. కథ కట్టుగా ఉంటుంది, మాట విడుపుగా ఉంటుంది.

కథ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. తిక్కన గారు మన నెల్లూరు మనిషి. ఆయన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో, అందులో ఉత్తరకుమారుడు ఉన్నాడు. కౌరవులు ఆవులను తోలుకుపోయారని పశులకాపరి పరుగెత్తుకు వస్తాడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కుమారుడు ప్రగల్భాలు పలుకుతాడు. సారథి లేడంటాడు, బృహన్నల సారథ్యానికి వస్తుంది. కౌరవ సేనను చూడగానే ఒళ్ళు వణుకుతుంది. రథం దూకి పరుగెత్తుతాడు. అర్జునుడు వెంటపడి పట్టుకుని తెస్తాడు. జమ్మిచెట్టు ఎక్కి ఆయుధాలు దించుతారు. ఈ ఏడు మెట్లూ మారవు. ప్రగల్భాలు ప్రతి రిహార్సల్లో కొత్తవి కావాలి. ఆవులు, సేన, రథం, జమ్మిచెట్టు అన్నీ పిల్లలే కనుక 36 మందీ సరిపోతారు. మూడు రిహార్సళ్ళలో నిలిచిన మాటలను మీరు కాగితం మీద రాసుకోండి, పిల్లలు పలికినట్టే, గ్రాంథికం చేయకుండా. వార్షికోత్సవం వేళకు మీ చేతిలో స్క్రిప్టు ఉంటుంది. రాసింది పిల్లలు.

బృహన్నల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆడవేషం వెక్కిరించిన ఆ అబ్బాయిల కన్ను వెంటనే దాని మీద పడుతుంది. ఆ రథం మీద భయం లేనిది ఆ ఒక్క మనిషికే. బృహన్నల ఎప్పుడూ తొందరపడదు, గొంతు పెంచదు, ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. ఈ మూడే చెప్పి, మీ అద్దం ఆటలో అందరికంటే నిలకడగా ఉన్న అమ్మాయికి ఆ వేషం ఇవ్వండి. నవ్వు రావలసినది ఉత్తరకుమారుడి మీద. ఆ వేషం మీ నలుగురిలో ఒకరికి ఇవ్వవచ్చు, చీటీ తీసే.

వేదిక మీద ఎనిమిది నిమిషాలకు మించనివ్వకండి. ఒకే మైకు ఉంటే అంతఃపురం ఘట్టం దాని దగ్గర, పరుగు, సేన మాట లేకుండా దూరంగా పెట్టండి. పూర్తిగా అప్పటికప్పుడు ఆడే ఆటలను వార్షికోత్సవంలో పెట్టవద్దు. అయిదారు వందల మంది ముందు పిల్లలు మళ్ళీ నవ్వుల కోసం వెతకడం మొదలుపెడతారు. వాటిని ఒక శనివారం చెట్టు కింద, అమ్మానాన్నలను పిలిచి ఆడండి.

ఒక మాట చెప్పి ముగించాలనుకున్నాను, చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. చాలా ఏళ్ళ కిందట ప్రకాశం జిల్లాలో ఒక వేసవి శిబిరంలో, జీవితం నుంచే నాటకం రావాలనే పట్టుదలతో, ఒక పదమూడేళ్ళ అమ్మాయిని "నిన్న రాత్రి మీ ఇంట్లో జరిగింది ఆడి చూపించు" అన్నాను. రెండు మాటలు అని నిలబడిపోయింది. చూస్తున్న పిల్లలు ఆ వీధి పిల్లలే. ఆ రెండు మాటలతో వాళ్ళకు అంతా అర్థమైంది, సాయంత్రానికి వీధికంతా తెలిసింది. మరునాడు వాళ్ళ అమ్మ వచ్చి, "మా ఇంటి సంగతి బయట ఆడించడానికి మీరెవరు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ రోజు నుంచి "మీ ఇంట్లో" అన్న మాట వాడలేదు. "ఒక ఇంట్లో" అంటాను. పిల్లలు చెప్పదలచుకున్నది ఆ "ఒక ఇంట్లో" నుంచే చెబుతారు, చెప్పదలచుకోనిది దాచుకుంటారు. ఆటలో ఏ పిల్లయినా తనకు జరుగుతున్న కీడు చెబుతోందని మీకు అనిపిస్తే ఆట మార్చేయండి, తరువాత ఒంటరిగా కూర్చుని వినండి, అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. ఆ సంగతి తీగలాగి ఆటగా సాగదీయవద్దు.

వచ్చే శనివారం రెండు ఆటలే పెట్టుకోండి: అందరూ కలిసి పలికేది ఒకటి, అద్దం ఆట ఒకటి. కలిసి పలికే ఆటకు మాట కావాలంటే నెల్లూరు నుంచి మీ ఊరి దాకా బస్సు ఆగే ఊళ్ళ పేర్లు తీసుకోండి, మొదట గుసగుసగా, తరువాత కండక్టరు కేకలాగా, చివరికి నిద్రమత్తులో ఉన్న ప్రయాణికుడిలాగా. ఆ పిల్లవాడు వచ్చాడో లేదో నాకు రాయండి. రాకపోతే కూడా రాయండి.